నూట పద్దెనిమిది మందికి ఒకటే నంబరు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. చిన్నా పెద్దా అందరికీ ఆమె నంబరక్క. తనకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అంటుంటే మొదట్లో పోట్లాడేది. "నీకు నేను అక్కనెలా అవుతాను బాబాయ్, నా వయసెంతని?" అని పక్క కొట్టు పంక్చర్ల బాబాయిని నిలదీసింది ఒకసారి. ఆయన ట్యూబుకి గాలి కొడుతూనే, "వరసలు వయసుని బట్టి కాదమ్మా, అవసరాన్ని బట్టి," అన్నాడు.

పోనుపోను ఆ పిలుపు ఆమెకు నచ్చింది. నచ్చిందని ఎవరికీ చెప్పలేదు గానీ, గుమ్మంలోంచి ఎవరైనా నంబరక్కా అని కేకేస్తే చేతిలో ఎంత పనున్నా ముందు ముఖం విచ్చుకునేది. మంచిపేరు తియ్యగా ఉంటుంది. దానికి అలవాటు పడ్డవాళ్ళు దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళ నోటి దగ్గరి కూడు కూడా లాగి బయట పెడతారు. నంబరక్క చెడ్డది కాదు. కానీ చేసింది మాత్రం అదే.

ఆమె కూర్చునే గది పంక్చర్ల కొట్టుకీ, మూతబడిన ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఒక కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్రల మిషను, ఫోటో తీసేటప్పుడు వెనక కట్టే తెల్లదుప్పటి. చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టించిన సేవాకేంద్రాల్లో అదొకటి. పథకం రాసినవాళ్ళ ఉద్దేశం గొప్పదే. ఒక పిల్లకు ఉపాధి దొరుకుతుంది, ఆ పిల్ల చేతిమీదుగా వీధి మొత్తానికి మిగతా పథకాలు అందుతాయి. కుట్టుమిషను, ఇస్త్రీబండి, వెల్డింగు సామాను, పిండిమర, ఎవరి పనికి తగ్గ పనిముట్టు వాళ్ళకి ఉచితంగా ఇస్తారు. కావలసిందల్లా దరఖాస్తు. ఆ దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలి.

ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది వదిన. అన్న కట్టుబడి పనిలో అయిదో అంతస్తు నుంచి పడి చనిపోయేనాటికి నంబరక్క సేవాకేంద్రం శిక్షణలో చేరి పదకొండు రోజులు. మానేసి ఏదో ఒక కూలికి పోతానంది. వదిన ఒప్పుకోలేదు. "ఈ ఇంట్లో ఒక్కరన్నా కూర్చుని చేసే పని చెయ్యాలి. నిలబడి చేసేది నేను చూసుకుంటాలే," అని రెండు వీధుల అవతలి పిండిమరలో కూలికి చేరింది. అప్పటి నుంచి ఆరేళ్ళుగా పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ మర పక్కనే నిలబడింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, రెప్పలు, చెవి వెనక మడతలు అన్నీ తెల్లగా ఉండేవి. తల దులుపుకుంటే గుమ్మంలో గుప్పెడు పిండి రాలేది. రెండేళ్ళుగా దగ్గు పట్టుకుంది. డాక్టరు దుమ్ములో పని మానెయ్యమన్నాడు. వదిన సరే అని తలూపి, మందు తెచ్చుకుని, మర్నాడు మళ్ళీ పనికి వెళ్ళింది.

సొంత మర కావాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. ప్రభుత్వం ఇచ్చే మరకి దుమ్ము పట్టే గుడ్డసంచి ఉంటుందట. ఇంట్లోనే ఉంటే ఆయాసం వచ్చినప్పుడు ఆపుకోవచ్చు, కూర్చోవచ్చు, అడిగేవాడు లేడు. దరఖాస్తు పెట్టిన నెలలోనే ముందుగది ఖాళీ చేసి, మేస్త్రీని పిలిచి మధ్యలో సిమెంటు దిమ్మె కట్టించింది, నాలుగు బోల్టులు పైకి లేపి మరీ. మర రాలేదు గానీ దిమ్మె వచ్చింది. ఏడాదిన్నరగా ఇద్దరూ దాన్ని చుట్టి తిరుగుతున్నారు. ఆ బోల్టులకు కాళ్ళు కొట్టుకోని వారం లేదు.

ఇక నంబరు సంగతి. శిక్షణ అయ్యాక కేంద్రం మంజూరు కావడానికే నాలుగేళ్ళు పట్టింది. అది తెరిచిన మొదటి వారం ఇస్త్రీ పిన్ని వచ్చింది. వీధి మలుపులో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ముప్పయ్యేళ్ళుగా నిలబడ్డ మనిషి. కొత్త బండి, గ్యాసు ఇస్త్రీపెట్టె వస్తాయంటే దరఖాస్తు పెట్టడానికి వచ్చింది. ఫోన్ నంబరు దగ్గర కంప్యూటరు ఆగిపోయింది. పిన్నికి ఫోను లేదు.

"లేనిదాన్ని ఎక్కణ్ణించి తేనే? ఇస్త్రీ చేసేదానికి ఫోనెందుకు, బట్టలు మాట్లాడతాయా?" అంది పిన్ని.

"సర్లే పిన్నీ, నా నంబరు వేసేస్తా. ఏదన్నా కబురొస్తే నేనే వచ్చి చెప్తా," అంది నంబరక్క. కంప్యూటరు మారుమాట లేకుండా తీసుకుంది.

తర్వాత పంక్చర్ల బాబాయి వచ్చాడు. ఆయనకి ఫోనుంది. కానీ రోడ్డు పక్కన గొడుగు వేసుకుని ఎవడు ఉచితంగా సిమ్ము ఇస్తే అది వేసుకునే మనిషి. నంబరు చెప్పమంటే, "నా నంబరు నాకెందుకమ్మా, నాకు నేను ఫోన్ చేసుకుంటానా?" అన్నాడు. ఆయనకీ తన నంబరే వేసింది. ఆ తర్వాత అడగడం కూడా మానేసింది. వదినకి కూడా అంతే, ఆమె ఫోను మరలో పిండి పట్టి ఎప్పుడో మూగబోయింది. అలా రెండేళ్ళలో నూట పద్దెనిమిది దరఖాస్తులు ఒకటే నంబరు మీద నిలబడ్డాయి.

తప్పని ఆమెకు తెలియదా అంటే, అనుమానం వచ్చి ఆఫీసు సారుని అడిగింది కూడా. నెలకి ఇన్ని దరఖాస్తులు పెట్టకపోతే కేంద్రం ఎత్తేస్తామని ఫోన్లో కేకలేసే సారు ఆయన. "ఏదో ఒక నంబరు వెయ్యమ్మా, ఖాళీ మాత్రం వదలకు. ఖాళీ ఉంటే నాకు ఎర్రగా కనిపిస్తుంది," అన్నాడు. ఆ మాట ఆమె దేవుడి మాటగా తీసుకుంది.

ఆ ఫోను వీధిలో అందరి ఫోనూ అయింది. ఎవరి దరఖాస్తు కదిలినా కబురు ఆమెకే వచ్చేది. గుమ్మంలోకి వచ్చి, "పిన్నీ, నీది కింది ఆఫీసు దాటి పై ఆఫీసుకి వెళ్ళింది!" అని అరిచేది. "అయితే పిన్నికంటే పిన్ని కాగితమే ఎక్కువ ఊళ్ళు తిరుగుతోంది," అనేవాడు బాబాయి. తమ సంగతి తమకంటే ముందు ఆమెకు తెలియడం వీధికి అలవాటైపోయింది. ఆ కంప్యూటరు డబ్బాలో ఆమెకు రాబోయేదంతా ముందే కనిపిస్తుందని చాలామంది నిజంగానే నమ్మారు. ఆమె కాదనలేదు. కాదంటే ఆ కళ్ళలో గౌరవం ఒక పిసరు తగ్గుతుందని భయమేమో మరి.

ఒక సోమవారం పొద్దున కంప్యూటరు తెరవగానే ఎర్ర అక్షరాలు కనిపించాయి. ఇకమీదట ఒక నంబరుకి ఒకే మనిషి. ఒకే నంబరు మీద పదిమంది ఉంటే, ఆ పదిమంది దరఖాస్తులూ రద్దు. రద్దు కాకూడదంటే ఇరవై నాలుగు రోజుల్లో ఎవరి నంబరు వాళ్ళకి మార్చుకోవాలి. మార్చడానికి పాత నంబరుకి ఒక ఓటీపీ వస్తుంది. ఒక నంబరుకి రోజుకి మూడు ఓటీపీలే వస్తాయి.

ఆమె లెక్క వేసుకుంది. వేళ్ళ మీద వేసినా, కాగితం మీద వేసినా డెబ్బయి రెండే వచ్చింది. ఆఫీసు సారుకి ఫోన్ చేసింది.

"నూట పద్దెనిమిది మందా!" అన్నాడాయన. "ఎవరమ్మా నీకు అలా వెయ్యమని చెప్పింది?"

"మీరే కద సార్, ఖాళీ వదలొద్దన్నారు."

"ఖాళీ వదలొద్దన్నాను. నీ నంబరు వెయ్యమన్నానా? చూడమ్మా, ఈ మాట నాతో అన్నావు సరే, ఇంకెవరి దగ్గరా అనకు. నీకే మంచిది కాదు."

ఆమె దాచలేదు. ఆ సాయంత్రమే అందరినీ గుమ్మం ముందుకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారి గోల లేచింది. ఎవరిది ముందు? ముసలివాళ్ళదా, పిల్లలున్నవాళ్ళదా, ఎవరి అవసరం ఎవరికంటే పెద్దది? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి ఆమే తేల్చింది. దరఖాస్తు ఎవరు ముందు పెడితే వాళ్ళది ముందు. జాబితా చదివింది. ఇస్త్రీ పిన్నిది మొదటిది, బాబాయిది రెండోది.

వెనకనుంచి ఎవరో, "మీ వదినది ఎన్నోది?" అని అడిగారు.

"ముప్పై ఒకటి."

"అంటే మీ ఇంట్లోది పదకొండో రోజుకల్లా అయిపోతుందన్నమాట. మా గతేమైనా కానీ."

అన్న మనిషి మాటలో విషం లేదు, మామూలు ఎత్తిపొడుపే. ఊరుకుంటే పోయేది. కానీ అన్ని జతల కళ్ళు తనమీదే ఉన్నాయి. నంబరక్క ముఖం ఎర్రబడింది. "మా వదినది అందరి తర్వాతే. మీ అందరిదీ అయ్యాక మిగిలితేనే చేస్తా," అనేసింది.

గోల ఆగిపోయింది. "అదీ మాటంటే!" అన్నాడు బాబాయి. ఇస్త్రీ పిన్ని దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని, "బంగారమే నువ్వు," అంది. ఆ సాయంత్రం నంబరక్క ఇంటికి నడిచిన నడకలో కాళ్ళు నేల మీద లేవు. అందరి తర్వాత అంటే ఎన్నటికీ కాదని లెక్క తెలిసిన మనిషే, ఆ లెక్క ఇంటి గుమ్మం దాకా గుర్తు రాలేదు.

కబురు ఆమెకంటే ముందే వదినకి చేరింది. మర దగ్గరికి చేరని కబురు ఏముంటుంది. వదిన దిమ్మె అంచున కూర్చుని తల దులుపుకుంటోంది.

"నన్నడిగావా?" అంది, తల ఎత్తకుండా.

"అందరి ముందూ అలా అడిగేసరికి... వదినా, మనది ముందు చేసుకుంటే ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. వరసలో నా వంతు ముప్పై ఒకటి. నేనేం ఎవర్నీ తోసుకుని ముందుకి రాలేదు." దగ్గు తెరొచ్చింది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ అంది. "ఆ దరఖాస్తు నాది. నువ్వు దానం చెయ్యడానికి అది నీ సొమ్ము కాదు."

"మాటిచ్చేశా వదినా."

"వాళ్ళకిచ్చావ్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నీకు రచ్చ ఒక్కటి చాలు." వదిన లేచింది. "ఆరేళ్ళు నిలబడ్డా. ఇంకో ఆరేళ్ళు నిలబడగలనో లేదో నాకే తెలీదు. నీకు తెలుసేమో, నీకు అన్నీ ముందే తెలుస్తాయటగా."

ఆ తర్వాత వదిన ఆ ఊసు ఎత్తలేదు. అన్నం పెట్టింది, పక్క వేసింది, పొద్దున్నే పనికి వెళ్ళింది. తిట్టినా బాగుండేదని నంబరక్కకి అనిపించింది.

ఇరవై నాలుగు రోజులు రోజుకి మూడు. పొద్దున పదింటికి మొదలు. ఓటీపీ వచ్చిన రెండు నిమిషాల్లో కొట్టాలి, వెంటనే అవతలి మనిషి కొత్త ఫోనుకి ఇంకొకటి వస్తుంది, అదీ కొట్టాలి. వీధిలో సిమ్ములు లేనివాళ్ళు సిమ్ములు కొన్నారు, ఫోన్లు లేనివాళ్ళు అల్లుళ్ళ పాత ఫోన్లు తెచ్చుకున్నారు. ఇస్త్రీ పిన్నిది మొదటి రోజే అయింది. ఆమె కొత్త ఫోనుని రుమాల్లో చుట్టి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, అది ఒకసారి మోగగానే ఉలిక్కిపడి లేచి నిలబడింది. బాబాయి కంగారులో తన ఫోనుని పంక్చరు చూసే నీళ్ళ తొట్టిలో జారవిడిచాడు. ఆ రోజు ఒక ఓటీపీ నీళ్ళపాలు. మర్నాడు వేరే ఫోనుతో వచ్చి, "నా ఫోనుకి పంక్చరు లేదని తేలిందిలే," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఇరవై నాలుగు రోజుల్లో ఆ గదిలో నవ్వింది ఆ ఒక్కసారే.

పన్నెండో రోజు సర్వరు అసలు తెరుచుకోలేదు. మూడూ పోయాయి. వరసలో డెబ్బై దాటినవాళ్ళకి తమదాకా రాదని అర్థమైపోయింది. వాళ్ళు కేంద్రం ముందునుంచి వెళ్తూ తల తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన లోపలికొచ్చి, "నీ నంబరు వెయ్యమని నిన్ను మేం అడిగామా?" అని వెళ్ళిపోయాడు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు. నంబరక్కకి ఆ సామెత తెలుసు, కానీ అది తనలాంటివాళ్ళ కోసమే పుట్టిందని అప్పటిదాకా తోచలేదు.

ఆఖరి రోజు సాయంత్రం నాలుగున్నర. అయిదింటికి గడువు. రెండు అయ్యాయి, మూడోది మిగిలింది. వరసలో తర్వాతి మనిషి కుట్టుపని అమ్మాయి. పొద్దుటి నుంచి రాలేదు. గదిలో నంబరక్క తప్ప ఎవరూ లేరు. ఆమె వదిన దరఖాస్తు తెరిచింది. తెర మీద వదిన ఫోటో, ఆ తెల్లదుప్పటి ముందు తనే తీసింది. కడుక్కుని రమ్మంటే కడుక్కునే వచ్చింది గానీ ఎడమ కనుబొమ్మ చివర పిండి మిగిలే ఉంది. వదిన కోసమని కొన్న కొత్త ఫోను మూడు రోజులుగా సొరుగులో ఉంది. నంబరు మార్చే చోట వేలు పెట్టింది.

అప్పుడు కుట్టుపని అమ్మాయి ఒగురుస్తూ గుమ్మంలోకి వచ్చింది. సిమ్ము ఆ మధ్యాహ్నమే పనిచేయడం మొదలుపెట్టిందట. "అయిపోయిందా అక్కా? నాది పోయిందా?" అంది.

"లేదు, రా, కూర్చో," అంది నంబరక్క. వదిన ముఖం తెర మీదనుంచి పోయింది. ఆ అమ్మాయి రాకపోయి ఉంటే ఏం చేసేదో నంబరక్కకే తెలియదు.

అరవై ఎనిమిది మందివి మారాయి. యాభై మందివి మిగిలిపోయాయి. ఆ యాభైలో వదిన ఒకతి.

సరిగ్గా పదహారు రోజులకి ఇంకో ఆదేశం వచ్చింది. ఈసారి ఎర్ర అక్షరాలు కూడా కాదు, మామూలు నల్లవే. అన్నిచోట్ల నుంచీ ఫిర్యాదులు వచ్చినందువల్ల ఒక నంబరుకి ఒకే మనిషి అనే నిబంధన ఎత్తేశారు. రద్దయిన పాత నంబర్ల దరఖాస్తులు ఎక్కడ ఆగాయో అక్కడినుంచే ముందుకి సాగుతాయి. అయితే, ఒకే ఫోను నుంచి తక్కువ రోజుల్లో ఎక్కువ నంబర్లు మార్చినట్టు తేలినచోట, అలా మార్చిన దరఖాస్తులన్నీ అనుమానాస్పదం. వాటిని వెనక్కి పంపుతారు, మొదటినుంచి విచారిస్తారు, వరసలో చివర చేరుస్తారు.

నంబరక్క మూడుసార్లు చదివింది. ఆమె కాపాడిన అరవై ఎనిమిదీ మునిగాయి. కాపాడలేకపోయిన యాభై ఒడ్డున పడ్డాయి.

ఆఫీసు సారు ఆవులిస్తూ విన్నాడు. "పైనుంచి వచ్చింది, మన చేతిలో ఏముంది. అయినా నీకేం నష్టం? మీ ఇంట్లోవాళ్ళది ఉండిపోయిందిగా. అదృష్టవంతురాలివి," అన్నాడు.

ఈసారీ ఆమె అందరినీ పిలిచింది. దాచిపెట్టి నాలుగు రోజులు బతకవచ్చు, ఆ తెలివి ఆమెకు లేదు. చెప్పడం అయ్యాక గోల లేవలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. ఇస్త్రీ పిన్ని మెల్లగా అడిగింది.

"నాది మళ్ళీ మొదటికొచ్చిందా?"

"వచ్చింది పిన్నీ."

"వచ్చే నెల బండి ఇస్తారన్నావు."

"అన్నాను పిన్నీ. అప్పటికి అలాగే ఉంది."

"మరి మీ వదినది?"

"ఉంది," అంది నంబరక్క.

"ఉందా," అంది పిన్ని. మిగతాది వెనకనున్నవాళ్ళు అన్నారు. "ముందే తెలుసు దీనికి. అందుకే చివర పెట్టింది." "కంప్యూటర్లో అన్నీ కనిపిస్తాయిగా." "పైగా త్యాగం చేసినట్టు ఎంత నాటకం!" నంబరక్క బాబాయి వైపు చూసింది, ఆయనైనా ఒక్క మాట అంటాడని. ఆయన చేతిలో ట్యూబుని తిప్పి తిప్పి చూస్తున్నాడు, అందులో కన్నం ఎక్కడుందో ఇప్పుడే తేల్చుకోవాలన్నట్టు.

"నాకు తెలీదు. మా అన్న మీద ఒట్టు, నాకేం తెలీదు," అంది. రెండేళ్ళు అన్నీ తెలిసిన మనిషిగా బతికి, ఆ ఒక్కటి తెలియదంటే ఎవరు నమ్ముతారు? నిలబడి విన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒడ్డున పడ్డ యాభై మందైనా ఆమె వైపు ఉంటారనుకుంటే అదీ లేదు. వాళ్ళ దృష్టిలో ఆమె తమని జాబితా అడుగున వదిలేసిన మనిషి. తమది దక్కింది తమ అదృష్టం వల్ల, ఆమె వల్ల కాదు.

రెండు నెలలకి మర వచ్చింది. ఆకుపచ్చ రంగు, దుమ్ము పట్టే గుడ్డసంచి, పక్కన పథకం పేరు రాసిన చీటీ. దిమ్మె మీద బోల్టులకి సరిగ్గా కూర్చుంది. వదిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, తొట్టిలో చెయ్యి పెట్టి చూసుకుని, ఏడ్చింది. ఆ రాత్రి ఆడపడుచుతో ఎన్నాళ్ళకో నవ్వుతూ మాట్లాడింది కూడా. పాత మరలో పని మానేసింది. గుమ్మానికి బోర్డు తగిలించింది.

మొదటి రోజు ఎవరూ రాలేదు. కొత్త కదా అనుకున్నారు. రెండో రోజూ రాలేదు. వదిన వీధిలోకి వెళ్ళి నలుగురికీ చెప్పి వచ్చింది. అందరూ మర్యాదగా తలూపారు. మూడో రోజు ఇంట్లో గోధుమలే పోసి మర ఆడించింది, చప్పుడు వింటే వస్తారని. చప్పుడు వీధంతా వినిపించింది. ఎదురింటావిడ భుజాన సంచితో ఆ చప్పుడు ముందునుంచే నడిచి రెండు వీధుల అవతలికి వెళ్ళింది. దూరపు మనుషులు ఒకరిద్దరు దారి తప్పినట్టు వచ్చారు, అంతే. వదిన పొద్దున మర తుడిచేది, సాయంత్రం మళ్ళీ తుడిచేది. మధ్యలో చేయడానికేమీ ఉండేది కాదు. దగ్గు మాత్రం తగ్గింది.

ఆఫీసు సారు ఫోన్ చేశాడు. లబ్ధిదారుల ఫోటోలు కావాలి, మర ఆడుతూ ఉండాలి, పక్కన గిరాకీ కనపడాలి. గిరాకీ లేదంటే, "ఎవర్నో ఒకర్ని నిలబెట్టమ్మా, ఖాళీ మాత్రం వద్దు," అన్నాడు. నంబరక్క కెమెరాకి టైమరు పెట్టి, తలమీద కొంగు కప్పుకుని, ఖాళీ సంచిలో పాత బట్టలు కుక్కి, తనే గిరాకీగా నిలబడింది. వదిన తొట్టి మీద చెయ్యి వేసి కెమెరా వైపు చూసింది. నవ్వమంటే నవ్వింది.

నలభై రెండో రోజు పొద్దున వదిన ఎనిమిదింటికి తయారై గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికి వదినా?"

"పనికి. అడిగా. మళ్ళీ రమ్మన్నాడు."

"మరి ఇది?"

"ఉంటుంది. ఎక్కడికి పోతుంది." ఆ మాటలో కోపం కూడా లేదు. నంబరక్కకి గడప దాటి వెళ్తున్న వదిన వీపు చూస్తూ నిలబడటం తప్ప ఏమీ చేతకాలేదు. కేంద్రానికి వెళ్ళి కూర్చుంది. అక్కడా ఎవరూ రావడం లేదు. దరఖాస్తు కాగితాలు తిరిగి ఇచ్చెయ్యమని అడగడానికి ఇద్దరు వచ్చారు.

వారం తిరగకుండా దగ్గు మళ్ళీ మొదలైంది. ఒక మధ్యాహ్నం వదిన మందు సీసా ఇంట్లో మర్చిపోయిందని చూసి, దాన్ని పట్టుకుని నంబరక్క పాత మర దగ్గరికి వెళ్ళింది. లోపల పొగమంచు పట్టినట్టు పిండి దుమ్ము. గుమ్మం దాకా వరస. వరసలో ఉన్నవాళ్ళు అందరూ తమ వీధివాళ్ళే. కుట్టుపని అమ్మాయి ఉంది, ఎదురింటావిడ ఉంది, ఒడ్డున పడ్డ యాభైలో ముగ్గురు ఉన్నారు. వాళ్ళ సంచులు ఒక్కొక్కటే అందుకుని తొట్టిలో పోస్తున్నది వదినే. అప్పుడు ఇస్త్రీ పిన్ని వంతు వచ్చింది.

వదిన సంచి అందుకుంటూ మెల్లగా అంది. "పిన్నీ, ఇంత దూరం మోసుకొస్తావెందుకు? మా ఇంట్లోది ఖాళీగానే ఉంది. అక్కడ పట్టేదీ నేనే, ఇక్కడ పట్టేదీ నేనే."

"నీ మీద నాకేం కోపం లేదమ్మా," అంది పిన్ని. "నీ చేతి పిండి మెత్తగా ఉంటుంది, ఆ మాట ఎక్కడైనా చెప్తా. అందుకే నువ్వు మళ్ళీ ఇక్కడికొచ్చావని తెలిసి వచ్చా. ఆ గుమ్మం మాత్రం తొక్కమనకు. ఆ ఇంట్లో పట్టిన పిండి నాకు అరగదు."

వదిన తల ఎత్తింది. గుమ్మంలో నిలబడ్డ నంబరక్క కనిపించింది. సంచి తొట్టిలోకి వంచి మర వేసింది. చప్పుడులో దగ్గు వినపడలేదు గానీ, భుజాలు కదలడం కనిపించింది.

వదిన చూపు వెంట పిన్ని వెనక్కి తిరిగింది. తన వెనకే ఉన్న నంబరక్కని చూసి ఒక అడుగు పక్కకి వేసి, కొంగు తగలకుండా దగ్గరికి లాక్కుంది.

"లోపలికి వెళ్తారా అండీ? వెళ్ళండి," అంది.

నంబరక్క లోపలికి వెళ్ళలేకపోయింది. మందు సీసాని గుమ్మం పక్క గట్టు మీద పెట్టి, వదినకి కనపడేలా కొంచెం ముందుకి జరిపి, తిరిగి వచ్చేసింది.